నడి సంవత్సరంలో రాష్ట్రం మారిన వేతనజీవి: వృత్తి పన్ను, ఆదాయపు పన్నుల పరిశీలన

వ్యాస సంగ్రహం

భారతదేశంలో ఆదాయపు పన్ను కేంద్రానిది. అందువల్ల ఆర్థిక సంవత్సరం మధ్యలో ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తరలిన ఉద్యోగికి రాష్ట్రాలతో పన్ను పేచీ ఉండదన్న అభిప్రాయం స్థిరపడింది. వృత్తి పన్ను విషయంలో ఈ అభిప్రాయం పూర్తిగా నిలవదు. రాజ్యాంగం 276వ అధికరణం విధించిన రూ. 2,500 పరిమితి ఒక్కొక్క రాష్ట్రానికి వేరుగా వర్తిస్తుంది. రెండు రాష్ట్రాలలో చెల్లించినదాన్ని కలిపి లెక్కించే ఏర్పాటు అందులో లేదు. పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాలకు, అక్కడి నుంచి అమెరికాకు సాగే చదువుకున్నవారి వలసను ఆధారంగా తీసుకొని, ఈ లోటు ఎక్కడ పుట్టిందో, పాత మద్రాసు పురపాలక చట్టమూ, నేటి అమెరికా రాష్ట్రాల చట్టాలూ దాన్ని ఎలా పూడ్చాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: వృత్తి పన్ను, 276వ అధికరణం, వలస, పాక్షిక సంవత్సర నివాసి, రాష్ట్ర పునర్విభజన, యర్రగొండపాలెం.

1. ప్రవేశిక

నకిరేకల్లు దగ్గర మొదలై నల్లగొండ, నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా వచ్చే 565వ జాతీయ రహదారి యర్రగొండపాలెం గుండా సాగి, కనిగిరి దాటి దక్షిణాన ఏర్పేడు చేరుతుంది. ఆ దారిన ఉత్తరానికి వెళితే కృష్ణ దాటగానే తెలంగాణ. దక్షిణపు కొసకు వెళితే చెన్నై దారి. పశ్చిమ ప్రకాశపు వలస చాలావరకు ఈ రెండు దిక్కులకూ, బెంగళూరు వైపుకూ సాగుతుంది. వాన మీద ఆధారపడిన సేద్యం, అడుగంటిన బోర్లు, ఏళ్ల తరబడి ఎదురుచూపుగా మిగిలిన వెలిగొండ నీరు, మునుపటంత పని ఇవ్వలేకపోతున్న మార్కాపురం పలకల పరిశ్రమ దీనికి కారణాలని అందరికీ తెలిసినదే.

ఈ వలసలో పెద్ద భాగం కూలీలది. వారి నెల సంపాదన వృత్తి పన్ను మొదలయ్యే స్థాయికి తరచుగా చేరదు కనుక ఈ వ్యాసంలో చర్చించే చిక్కు వారిది కాదు. వారి చిక్కులు అంతకన్నా పెద్దవి, వేరే వ్యాసానికి తగినవి. ఇక్కడి ప్రశ్న రెండవ వర్గానిది. మార్కాపురంలోనో ఒంగోలులోనో ప్రైవేటు కళాశాలలో బోధిస్తూ సంవత్సరం నడిమధ్య హైదరాబాదు కొలువుకు మారిన అధ్యాపకుడు, బెంగళూరు సంస్థలో చేరిన ఇంజనీరు, పరిశోధన కోసం విదేశానికి వెళ్లిన విద్యార్థి ఈ వర్గానికి చెందుతారు. ‘ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ సంపాదించాను, ఏ రాష్ట్రానికి లెక్క చెప్పాలి?’ అన్నది వారి సందేహం. ఆదాయపు పన్ను వరకు సమాధానం ఒక్క మాటలో తేలిపోతుంది: ఏ రాష్ట్రానికీ చెప్పనక్కరలేదు. అయితే ఆ ఒక్క మాట వెనుక ఉన్న చరిత్ర, అది కప్పిపుచ్చిన మినహాయింపు రెండూ పరిశీలించదగినవి.

2. ఆదాయం ఏ రాష్ట్రానిది?

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా 82వ అంశం వ్యవసాయేతర ఆదాయంపై పన్నును కేంద్రానికి ఇచ్చింది. రాష్ట్ర జాబితాలో 46వ అంశం కింద వ్యవసాయ ఆదాయంపై పన్ను, 60వ అంశం కింద వృత్తులు, వ్యాపారాలు, ఉద్యోగాలపై పన్ను రాష్ట్రాలకు మిగిలాయి. జీతగాడికి సంబంధించినది ఈ 60వ అంశమే.

జీతం మీద విధించే వృత్తి పన్నుకూ ఆదాయపు పన్నుకూ తేడా ఏమిటన్న ప్రశ్న స్వాతంత్ర్యానికి ముందే ఎదురైంది. 1939లో యునైటెడ్ ప్రావిన్సెస్ శాసనసభ ఉద్యోగాలపై పన్ను చట్టాన్ని తెచ్చింది. జీతం పెరిగేకొద్దీ పన్ను పెరిగే ఆ ఏర్పాటు పేరుకు ఉద్యోగపు పన్నే గాని పనికి ఆదాయపు పన్ను. ఒక రాష్ట్రానికి ఆ దారి తెరిస్తే మిగిలినవన్నీ అదే దారి పడతాయన్న భయంతో 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో 142ఎ సెక్షన్ చేర్చి, మనిషికి ఏడాదికి రూ. 50 మించి వృత్తి పన్ను వేయరాదన్నారు. రాజ్యాంగంలో ఆ సెక్షనే 276వ అధికరణమైంది. పరిమితి మొదట రూ. 250 కాగా, 1988 నాటి 60వ సవరణతో రూ. 2,500 అయింది. ఆదాయంపై పన్ను అన్న కారణంతో వృత్తి పన్ను చట్టాన్ని కొట్టివేయరాదని అదే అధికరణం మొదటి ఖండం చెప్పడం గమనార్హం. అంటే పోలిక ఉన్న మాట రాజ్యాంగమే ఒప్పుకొంది. వృత్తి పన్ను ఎదగకుండా కత్తిరించి ఉంచిన రాష్ట్ర ఆదాయపు పన్ను అనడం తప్పు కాదు.

తెలుగు నేలపై నిజమైన ‘రాష్ట్ర ఆదాయపు పన్ను’ కూడా కొద్దికాలం ఉంది. యర్రగొండపాలెం నాడు మద్రాసు రాష్ట్రపు కర్నూలు జిల్లాలోది. ఉత్తరాన నల్లమల, దాని అవతల కృష్ణ, కృష్ణ అవతల నిజాం రాజ్యం. ఇవతల 1922 నాటి భారత ఆదాయపు పన్ను చట్టం, అవతల 1357 ఫసలీలో వచ్చిన హైదరాబాదు ఆదాయపు పన్ను చట్టం. ఏప్రిల్‌తో మొదలయ్యే సంవత్సరం ఒకరిది, అక్టోబరులో మొదలయ్యే ఫసలీ సంవత్సరం మరొకరిది. 1922 చట్టం 14వ సెక్షన్ ప్రకారం సంస్థానంలో పుట్టిన ఆదాయాన్ని బ్రిటిష్ ఇండియాలోకి తెచ్చుకోనంత వరకు ఇక్కడ పన్ను పడదు, తెస్తే పడుతుంది. రెండు చోట్లా పన్ను పడినవారికి ఊరట కల్పించేందుకు సంస్థానాల విషయమై 1939లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. నది దాటి సరుకు అమ్ముకొనే వర్తకుడికి డబ్బు ఏ ఒడ్డున ఉంచుకోవాలన్నది కూడా పన్ను ప్రశ్నే. 1950 ఆర్థిక చట్టం ఆ ఏడు ఏప్రిల్ 1 నుంచి భారత ఆదాయపు పన్నును హైదరాబాదుకు విస్తరింపజేయడంతో ఈ రెండు ఒడ్డుల లెక్క ముగిసింది.

వ్యక్తికి సమస్య తీరింది గాని రాష్ట్రాలకు తీరలేదు. కేంద్రం వసూలు చేసిన ఆదాయపు పన్నులో ఎవరి వాటా ఎంత? మొదటి ఆర్థిక సంఘం రాష్ట్రాల భాగంలో 80 శాతాన్ని జనాభాను బట్టి, 20 శాతాన్ని వసూలైన చోటును బట్టి పంచింది. రెండవ సంఘం వసూలు ప్రాతిపదికను 10 శాతానికి తగ్గించింది. పి.వి. రాజమన్నార్ అధ్యక్షుడిగా ఉన్న నాలుగవ సంఘం మళ్లీ 80, 20 నిష్పత్తిని పాటించింది. వసూలైన చోటు అంటే కంపెనీల ప్రధాన కార్యాలయాలున్న మహానగరాలు. శ్రమ చేసిన ఊరు వేరు, పన్ను లెక్కలోకెక్కిన ఊరు వేరు. 2014లో తెలుగువారికి ఈ తేడా మరో రూపంలో ఎదురైంది. ఆ సంగతి 4వ భాగంలో వస్తుంది.

3. వృత్తి పన్ను: నెల లెక్క, అర్ధ సంవత్సరపు లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో వృత్తి పన్నుకు ఆధారం 1987 నాటి చట్టం. విభజన తరువాత తెలంగాణ కూడా అదే చట్టాన్ని తనకు అన్వయించుకొంది. 2013లో సవరించిన రేట్ల ప్రకారం నెల జీతం రూ. 15,000 వరకు పన్ను లేదు. రూ. 15,001 నుంచి 20,000 వరకు నెలకు రూ. 150, ఆపైన రూ. 200. ఉద్యోగి స్వయంగా పత్రం దాఖలు చేయనక్కరలేదు. యజమాని జీతంలోంచి మినహాయించి చెల్లిస్తాడు. మినహాయించడం మరచినా చెల్లించవలసిన బాధ్యత యజమానిదే.

నెల లెక్క వలసకు అనుకూలమైనది. నెలకు రూ. 40,000 జీతంతో మార్కాపురంలో పనిచేసిన అధ్యాపకుడు అక్టోబరు 1న హైదరాబాదులో చేరాడనుకొంటే, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఆంధ్రప్రదేశ్‌కు రూ. 1,200, మిగిలిన ఆరు నెలలకు తెలంగాణకు రూ. 1,200, మొత్తం రూ. 2,400. ఊరు మారకపోయినా అంతే చెల్లించేవాడు. ఆ వ్యక్తే బెంగళూరు వెళ్లి ఉంటే కర్ణాటకలో 2025 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం నెలకు రూ. 200, ఒక్క ఫిబ్రవరికి రూ. 300. ఆరు నెలలకు రూ. 1,300. ఆంధ్రప్రదేశ్‌లో చెల్లించిన రూ. 1,200 కలిపితే సరిగ్గా రూ. 2,500. ఫిబ్రవరికి ఆ అదనపు నూరు ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. నెలకు 200 చొప్పున ఏడాదికి 2,400 మాత్రమే అవుతుంది, పరిమితిలోని చివరి నూరు కూడా వదులుకోకూడదన్నది లెక్క. మహారాష్ట్ర ఈ పద్ధతిని అంతకుముందు నుంచే పాటిస్తోంది.

నెల మధ్యలో మారినవారికి చిన్న తేడా వస్తుంది. రూ. 40,000 జీతగాడు సెప్టెంబరు 15న ఒకచోట మాని 16న బెంగళూరులో అదే జీతానికి చేరితే, ఆ నెల ఒక్కొక్క యజమాని ఇచ్చేది రూ. 20,000. చెల్లించిన మొత్తాన్ని బట్టి లెక్క వేస్తే ఆంధ్రప్రదేశ్ పట్టికలో రూ. 150 పడుతుంది, కర్ణాటకలో పన్ను రూ. 25,000 దగ్గర మొదలవుతుంది కనుక ఏమీ పడదు. ఒప్పుకొన్న నెల జీతాన్ని బట్టి లెక్క వేస్తే రెండు చోట్లా రూ. 200 చొప్పున పడుతుంది. జీతపు పట్టీలో ఈ రెంటిలో ఏది కనిపించినా ఉద్యోగి కంగారు పడవలసినంత మొత్తం కాదు.

చెన్నై వైపు వెళ్లినవారి విషయంలోనే అసలు లోటు బయటపడుతుంది. తమిళనాడులో వృత్తి పన్నును స్థానిక సంస్థలు అర్ధ సంవత్సరానికి ఒకసారి విధిస్తాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక అర్ధభాగం, అక్టోబరు నుంచి మార్చి రెండవది. చెన్నైలో అర్ధ సంవత్సరపు ఆదాయం రూ. 75,000 దాటితే పన్ను రూ. 1,250. అక్టోబరు 1న సరిగ్గా గడప దాటినవారికి సమస్య లేదు. ఆగస్టు 1న వెళ్లినవారి సంగతి వేరు. ఏప్రిల్ నుంచి జులై వరకు ఆంధ్రప్రదేశ్‌కు రూ. 800 కట్టి ఉంటారు. ఆగస్టు, సెప్టెంబరు జీతాలు కలిపి రూ. 80,000 అయి మొదటి అర్ధ సంవత్సరపు పన్ను అక్కడ పూర్తిగా పడితే రూ. 1,250, రెండవ అర్ధభాగానికి మరో రూ. 1,250. మొత్తం రూ. 3,300. రాజ్యాంగం పేర్కొన్న రూ. 2,500 దాటిపోయింది. అయినా రాజ్యాంగ ఉల్లంఘన జరగలేదు. ఒక వ్యక్తి ‘రాష్ట్రానికి’ గాని, ‘ఆ రాష్ట్రంలోని’ ఏదైనా ఒక స్థానిక సంస్థకు గాని చెల్లించవలసిన మొత్తం గురించే 276వ అధికరణం రెండవ ఖండం మాట్లాడుతుంది. ఆంధ్రప్రదేశ్ తన పరిమితిలో ఉంది, తమిళనాడు తన పరిమితిలో ఉంది. పరిమితి దాటినది వలస వచ్చిన మనిషి ఒక్కడే.

సొంతంగా వృత్తి సాగించేవారికి ఇది మరింత స్పష్టం. ఏడాది మొత్తానికి ఒకేసారి పన్ను కట్టే వర్గంలోని వ్యక్తి ఒక రాష్ట్రంలో రూ. 2,500 చెల్లించి, అదే ఏడు మరో రాష్ట్రంలో కార్యాలయం తెరిస్తే అక్కడా రూ. 2,500 పడవచ్చు. మొదటి రాష్ట్రపు రసీదు రెండవ రాష్ట్రంలో చెల్లుబాటయ్యే ఏర్పాటు రాజ్యాంగంలో లేదు.

ఈ లోటు పూర్వులకు తోచనిది కాదు. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం వృత్తి పన్నును అర్ధ సంవత్సరానికే విధించింది. ఒక అర్ధ సంవత్సరంలో మొత్తం మీద కనీసం 60 రోజులు ఆ పురపాలక పరిధిలో వృత్తి సాగించినవారికే అది వర్తించేది. పది రోజుల పనికి వచ్చిపోయేవారిని ఆ అరవై రోజుల నియమం వదిలిపెట్టింది. అంతకన్నా ముఖ్యమైన నిబంధన మరొకటి ఉంది. రాష్ట్రంలోని మరొక స్థానిక సంస్థకు అదే అర్ధ సంవత్సరపు వృత్తి పన్ను కట్టినట్టు రుజువు చేసిన వ్యక్తి, కేవలం నివాసమో వృత్తి సాగించే చోటో మారిన కారణంగా, రెండవ చోట తేడా మొత్తానికి మించి చెల్లించనక్కరలేదు. మొదటి ఊరిలో ఎనిమిది రూపాయలు కట్టి, రెండవ ఊరిలో పన్ను పన్నెండు అయితే నాలుగే కట్టాలి. వలసపోయే మనిషిని దృష్టిలో పెట్టుకొని రాసిన వాక్యం అది. కాని ఆ ఊరట మద్రాసు రాష్ట్రపు ఎల్లలకే పరిమితం. వృత్తి పన్ను పురపాలక సంఘం నుంచి రాష్ట్ర ఖజానాకు ఎక్కి, ఎల్లలు దాటిన వలస సర్వసాధారణమైన కాలానికి, అటువంటి వాక్యాన్ని రాష్ట్రాల మధ్యకు తీసుకొని వెళ్లినవారు లేరు. మొత్తం చిన్నది కావడమే అందుకు కారణం కావచ్చు. ఎనిమిది వందల కోసం ఎవరూ న్యాయస్థానం మెట్లెక్కరు. అయితే పరిమితిని పెంచాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ఈ లోటు కూడా దానితోపాటే పెరుగుతుందన్న సంగతి చర్చకు రావాలి.

ఆదాయపు పన్ను లెక్కలో ఈ మొత్తానికి కొంత విలువ ఉంది. ఆదాయపు పన్ను చట్టం కింద పాత పద్ధతిని ఎంచుకొన్నవారు ఆ ఏడు నిజంగా చెల్లించిన వృత్తి పన్నును, రెండు రాష్ట్రాలదీ కలిపి, జీతంలోంచి తీసివేయవచ్చు. కొత్త పద్ధతిలో ఆ అవకాశం లేదు.

4. ఊరు కదలకుండా రాష్ట్రం మారినప్పుడు

రాష్ట్రం మారడానికి మనిషే కదలనక్కరలేదు. యర్రగొండపాలెం 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి మారింది. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు జిల్లాను వీడి, తరువాత ప్రకాశంగా పేరు మారిన ఒంగోలు జిల్లాలో చేరింది. ఈ మూడు తేదీలూ ఆర్థిక సంవత్సరం మధ్యలోవే. 2014 జూన్ 2 కూడా అంతే. ఆ రోజున హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న పశ్చిమ ప్రకాశం వ్యక్తి ఇల్లు మారకుండానే మరో రాష్ట్రంలో ఉన్నాడు.

పునర్విభజన చట్టం వందవ సెక్షన్ పాత చట్టాలను రెండు రాష్ట్రాలలోనూ యథాతథంగా కొనసాగించింది కనుక వృత్తి పన్ను కట్టే వ్యక్తికి రేటూ పద్ధతీ మారలేదు. ఖజానాలకు మాత్రం చిక్కు వచ్చింది. 50వ సెక్షన్ ప్రకారం ఆస్తి పన్ను బకాయిలు ఆస్తి ఉన్న రాష్ట్రానివి, ఇతర పన్నుల బకాయిలు పన్ను నిర్ధారణ జరిగిన చోటు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రానివి. వ్యాపారం కోస్తాలోనో రాయలసీమలోనో సాగినా, రిజిస్టర్డ్ కార్యాలయం హైదరాబాదులో ఉన్న సంస్థల నిర్ధారణ హైదరాబాదులోనే జరిగేది. కాబట్టి ఆ బకాయిలు తెలంగాణకు చెందాయి. 56వ సెక్షన్ మాత్రం ఎక్కువగా వసూలైన పన్నును తిరిగి ఇచ్చే బాధ్యతను జనాభా నిష్పత్తిన, అంటే ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 చొప్పున పంచింది. రావలసినది చోటును బట్టి, ఇవ్వవలసినది తలలను బట్టి! ఈ రెండు సెక్షన్ల మధ్య పొంతన లేదని, సవరించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కేంద్రాన్ని పలుమార్లు కోరాయి. మొదటి ఆర్థిక సంఘం జనాభాకూ వసూలు చోటుకూ మధ్య కుదిర్చిన రాజీని ఇక్కడ రెండు ముక్కలుగా చీల్చి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క సెక్షన్‌లో పెట్టినట్టయింది.

5. రాష్ట్రం మారితే కాదు, యజమాని మారితే

నడి సంవత్సరంలో తరలినవారికి జులైలో ఆదాయపు పన్ను పత్రం నింపేటప్పుడు వచ్చే దెబ్బను చాలామంది రాష్ట్రం మారడానికి ముడిపెడతారు. కారణం అది కాదు. పాన్ దేశమంతటికీ ఒకటే, పత్రం ఒకటే. పరిధి అధికారి పాత ఊరిలోనే ఉన్నా పత్రం దాఖలుకు అడ్డు లేదు. చిరునామా మార్పు నమోదు చేసుకొంటే నోటీసులు సరైన చోటికి చేరతాయి. దెబ్బ తగిలేది ఇద్దరు యజమానులు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా లెక్క వేయడం వల్ల.

2025-26 ఆర్థిక సంవత్సరంలో కొత్త పద్ధతి కింద ఒక ఉదాహరణ. సెప్టెంబరు వరకు నెలకు రూ. 1,00,000 జీతం. మొదటి యజమాని ఏడాదికి రూ. 12,00,000 అని అంచనా వేసి, ప్రామాణిక తగ్గింపు రూ. 75,000 పోగా మిగిలిన రూ. 11,25,000కు రిబేటు వర్తిస్తుంది కనుక పన్ను మినహాయించడు. అక్టోబరు నుంచి హైదరాబాదులో నెలకు రూ. 1,50,000. రెండవ యజమానికి పాత జీతం తెలియకపోతే ఆరు నెలలకు రూ. 9,00,000 అని మాత్రమే చూస్తాడు, మళ్లీ రూ. 75,000 తీసివేస్తాడు, అతనూ పన్ను మినహాయించడు. నిజమైన మొత్తం రూ. 15,00,000. తగ్గింపు ఒక్కసారే కనుక పన్ను పడే ఆదాయం రూ. 14,25,000. అంచెల ప్రకారం రూ. 20,000, రూ. 40,000, రూ. 33,750 కలిపి రూ. 93,750, సెస్సుతో రూ. 97,500. పైసా కూడా ముందుగా కట్టకపోవడంతో 234బి, 234సి సెక్షన్ల కింద వడ్డీ అదనం. కొత్త చోట చేరిన రోజునే 12బి ఫారంలో పాత జీతం వివరాలు ఇచ్చి ఉంటే ఈ మొత్తం ఆరు నెలల జీతాలలో సర్దుకొనేది. 12బి ఇవ్వడం ఉద్యోగి పని. పాత సంస్థ నుంచి 16వ ఫారం రావడానికి జూన్ వరకు పట్టవచ్చు కాబట్టి, అంతవరకు ఆగకుండా చివరి జీతపు పట్టీ ఆధారంగానే ఇవ్వాలి.

6. అమెరికాలో: పాక్షిక సంవత్సర నివాసి

1950కి ముందు కృష్ణ రెండు ఒడ్డుల మధ్య ఉన్న పరిస్థితి నేడు అమెరికా రాష్ట్రాల మధ్య ఉంది. అక్కడ సమాఖ్య ఆదాయపు పన్నుతో పాటు చాలా రాష్ట్రాలకు సొంత ఆదాయపు పన్ను ఉంది. జీతంపై పన్ను లేనివి టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, టెనెసీ, నెవాడా మొదలైన తొమ్మిది. తెలుగువారు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీ, కాలిఫోర్నియాలలో పన్ను ఉంది, టెక్సస్‌లో లేదు. కాబట్టి ఎడిసన్ నుంచో ఫ్రీమాంట్ నుంచో డాలస్‌కు తరలిన కుటుంబానికి తరలిన తేదీ డబ్బుతో కూడిన విషయం.

అక్కడి చట్టం అటువంటి వ్యక్తిని పాక్షిక సంవత్సర నివాసి అంటుంది. నివాసిగా ఉన్న కాలంలో ఎక్కడ సంపాదించినా ఆ రాష్ట్రానికి లెక్క చెప్పాలి. వెళ్లిపోయిన తరువాత ఆ రాష్ట్రంలో పుట్టిన ఆదాయానికి మాత్రమే చెప్పాలి. అయితే లెక్కించే తీరు అన్ని చోట్లా ఒకటి కాదు. కాలిఫోర్నియా 540ఎన్‌ఆర్ ఫారంలో ముందు ఏడాది మొత్తపు ఆదాయంపై, ఏడాదంతా నివాసి అయినట్టే పన్ను కట్టి చూస్తుంది. ఆ తరువాత కాలిఫోర్నియా వంతు ఎంతో అంత నిష్పత్తిలో తీసుకొంటుంది. ఏడాదికి 1,20,000 డాలర్ల జీతంతో జులై 1న డాలస్ వెళ్లినవారు 60,000 మీదే పన్ను కట్టినా, రేటు మాత్రం 1,20,000కు తగినది. న్యూయార్క్ ఐటీ-203 ఫారం పద్ధతీ ఈ కోవలోనిదే. న్యూజెర్సీ అలా కాదు. పాక్షిక నివాసి తాను అక్కడ ఉన్న నెలల ఆదాయాన్నే ఎన్‌జె-1040 ఫారంలో చూపి, దానిమీదే పన్ను లెక్కించుకొంటాడు. మినహాయింపులు మాత్రం నెలల లెక్కన తగ్గుతాయి, 15 రోజులు లేదా అంతకు మించి ఉంటే పూర్తి నెల కింద లెక్క. అంచెల పన్నులో ఈ రెండు పద్ధతుల తేడా చిన్నది కాదు.

తరచుగా జరిగే పొరపాటు జీతాల విభాగంలో పుడుతుంది. ఉద్యోగి జులైలో టెక్సస్ వెళ్లినా, సంస్థ డిసెంబరు వరకు న్యూజెర్సీ పన్నునే మినహాయిస్తూ పోతుంది. సంవత్సరాంతపు డబ్ల్యూ-2 పత్రంలో రాష్ట్రం పేరు, ఆ రాష్ట్రపు జీతం, పన్ను చూపే 15, 16, 17 గళ్లలో ఏడాది మొత్తం న్యూజెర్సీ ఖాతాలో పడుతుంది. సవరించిన పత్రాన్ని సంస్థ నుంచి అడిగి తీసుకొని, పాక్షిక నివాసిగా దాఖలు చేస్తేనే అదనపు మొత్తం తిరిగి వస్తుంది. అద్దె ఒప్పందం, డ్రైవింగ్ లైసెన్సు, పిల్లల బడి మార్పు వంటివి అక్కడ నివాసం మారిన తేదీకి సాక్ష్యాలు. కంపెనీ వాటాల రూపంలో వచ్చే వేతనానికి ఈ సాక్ష్యాలు చాలవు. ఇచ్చిన రోజు నుంచి చేతికందిన రోజు వరకు కాలిఫోర్నియాలో చేసిన పనిదినాల నిష్పత్తిన, మనిషి వెళ్లిపోయిన తరువాత కూడా, కాలిఫోర్నియా తన వంతు అడుగుతుంది. పరిశోధక విద్యార్థులు ఎరిగి ఉండవలసిన సంగతి మరొకటి: భారత-అమెరికా పన్ను ఒప్పందం సమాఖ్య పన్నుకు వర్తిస్తుంది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు ఇటువంటి ఒప్పందాల మినహాయింపులను పాటించవు.

ఒకే ఆదాయాన్ని రెండు రాష్ట్రాలు పట్టుకొన్నప్పుడు అక్కడ ఊరట ఉంది. మరో రాష్ట్రానికి కట్టిన పన్నుకు నివాస రాష్ట్రం జమ ఇస్తుంది. మేరీలాండ్ తన కౌంటీ పన్నుపై ఆ జమ ఇవ్వనందుకు 2015లో విన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఆ ఏర్పాటును కొట్టివేసింది. రాష్ట్రం దాటి సంపాదించినవాడు దాటనివాడికన్నా ఎక్కువ కట్టవలసి రావడం రాష్ట్రాల మధ్య వాణిజ్యానికి అడ్డు అన్నది ఆ తీర్పు సారం. 1920 నాటి మద్రాసు పురపాలక చట్టం ‘తేడాకు మించి చెల్లించనక్కరలేదు’ అన్నప్పుడు చెప్పినదీ దాదాపు ఇదే.

భారతదేశం నుంచే నడి సంవత్సరంలో వెళ్లినవారికి అటు నియమం వేరు, ఇటు నియమం వేరు. భారత ఆదాయపు పన్ను చట్టంలో పాక్షిక సంవత్సర నివాసి అన్న వర్గం లేదు. నివాస హోదా ఏడాది మొత్తానికి ఒకటే. ఉద్యోగం కోసం విదేశానికి వెళ్లే భారత పౌరుడు ఆ ఏడు దేశంలో 182 రోజులు ఉంటే నివాసి, లేకుంటే అనివాసి. ఏప్రిల్ 1 నుంచి దేశంలోనే ఉండి సెప్టెంబరు 28న విమానం ఎక్కినవారికి బయలుదేరిన రోజుతో కలిపి 181 రోజులు. ఆ ఏడు విదేశంలో సంపాదించి అక్కడే అందుకొన్న జీతం ఇక్కడ పన్ను లెక్కలోకి రాదు. సెప్టెంబరు 29న ఎక్కినవారు ఏడాదంతా నివాసులు. మార్చి వరకు అమెరికాలో అందుకొన్న జీతాన్ని ఇక్కడి పత్రంలో చూపి, అక్కడ కట్టిన సమాఖ్య పన్నుకు జమ కోరవలసి ఉంటుంది.